ఓనమాల నుంచి లాటరీ దాకా: తెలుగునాట బడి సీటు చరిత్ర

పిల్లవాణ్ని "బడిలో వేయడం" తెలుగులో పాత మాట. "బడిలో సీటు రావడం" కొత్త మాట. మొదటి మాటలో నిర్ణయం తల్లిదండ్రులది, రెండో మాటలో బడిది. నిర్ణయం ఇటు నుంచి అటు మారడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. ఈ కాలంలో బడి గుమ్మం దగ్గర పిల్లల్ని వేరు చేసే కొలబద్ద ఎన్నోసార్లు మారింది. మొదట కులం, తర్వాత వంశం, ఆ తర్వాత పరీక్ష, డబ్బు, తల్లిదండ్రుల చదువు, చివరికి చీటీ.

అరుగు మీది బడి

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీలోని బడులన్నిటి లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తర్వు ఇచ్చాడు. ఆ లెక్కలన్నీ చేరాక 1826లో తేలింది 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. బడికి సగటున పదిహేను మందన్నమాట. నెలకు ఒక్కో పిల్లవాడి నుంచి నాలుగణాల నుంచి ఎనిమిదణాల దాకా ముట్టేదని, పంతులుకు నెల తిరిగేసరికి ఆరేడు రూపాయలు మించి రావడం అరుదని మన్రో రాశాడు.

నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న నాటి బళ్లారి జిల్లా గురించి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వీటిలో వివరమైనది. ఐదో ఏట బిడ్డను బడిలో వేసేటప్పుడు పంతులూ బడిపిల్లలూ అందరూ ఆ ఇంటికే వచ్చేవారు. వినాయకుడి ప్రతిమ చుట్టూ కూర్చునేవారు. పంతులు బిడ్డ చేత ప్రార్థన చెప్పించి, వేలు పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దించేవాడు. ఇంటివారు తమ శక్తి కొద్దీ సంభావన ఇచ్చి సాగనంపేవారు. మర్నాటి నుంచి చదువు మొదలు. ఈనాటికీ తెలుగు ఇళ్లలో జరిగే అక్షరాభ్యాసం ఇదే తంతు. కాకపోతే అప్పట్లో అది బడి ప్రవేశం కూడా. దరఖాస్తూ లేదు, గడువూ లేదు.

పోటీ ఉండేది బడి లోపల. ఉదయం అందరికన్నా ముందు వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండో వాడి చేతిలో సున్నా చుట్టేవారు. మూడో వాడికి మెల్లగా ఒక బెత్తం దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆపైన వచ్చిన కొద్దీ ఒక్కో దెబ్బ ఎక్కువ.

అయితే ఆ గుమ్మం అందరికీ తెరిచి లేదు. బళ్లారి జిల్లాలోని 533 బడుల్లో చదువుతున్న 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. మాల, మాదిగ వాడల పిల్లలకు అరుగు మీద చోటే లేదు. ప్రవేశ పరీక్ష అక్కర్లేకుండానే కులం, లింగం ఆ పని చేసేవి. ఈ లోటును పూడ్చడానికి తర్వాతి కాలంలో ప్రైవేటు పూనికతోనే బడులు వెలిశాయి. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో ఆది హిందువుల (దళితుల) పిల్లల కోసం బడి తెరిచి, తర్వాత మరెన్నో చోట్లకు ఆ పనిని విస్తరించారు. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల ఉన్నత పాఠశాల హైదరాబాదులోనే మొదలైంది. ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలన్న నిజాం ప్రభుత్వ నిబంధన అప్పటికే అమలులో ఉంది. అలాంటి రోజుల్లో ఈ బడులు నిలదొక్కుకోవడమే విశేషం.

ఇంగ్లీషు బడుల రాక

ఇంగ్లీషు చదువుతో బడి ఎంపిక ఇంట్లో చర్చకు వచ్చే విషయమైంది. హైదరాబాదులో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834లో, ఆల్ సెయింట్స్ 1855లో మొదలయ్యాయి. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ 1847 నాటిది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. పిల్లల్ని పంపే అగ్రవర్ణ కుటుంబాల ముందు ఒక లాభం, ఒక భయం నిలిచాయి. ఇంగ్లీషు వస్తే కచేరీలో ఉద్యోగం, పంపితే మతం పోతుందేమోనన్న గుబులు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోగానే నోబుల్ బడి దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి పిల్లలు మళ్లీ వచ్చి చేరారు. చివరికి ఉద్యోగమే నెగ్గింది.

1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ ప్రైవేటు యాజమాన్యాలకు ప్రభుత్వ గ్రాంటు ఇచ్చే పద్ధతిని తెచ్చింది. మిషనరీ బడులతో పాటు జమీందార్లు, సంఘాలు, కుల సంస్థలు పెట్టిన బడులు కూడా ఈ గ్రాంటుతో ఎయిడెడ్ బడులుగా పెరిగాయి. గ్రాంటుతో పాటు తనిఖీ, రిజిస్టరు, తరగతుల లెక్క, టీసీ వచ్చి చేరాయి. బడిలో చేరడం అప్పుడే కాగితం మీదికి ఎక్కింది. కొడుకు ఇంగ్లీషు చదువు కోసం ఇంటి డబ్బు ఖర్చు పెట్టడం గురించి భార్యాభర్తలు గొడవపడే దృశ్యం గురజాడ "కన్యాశుల్కం"లో కనిపిస్తుంది. 1892లో తొలిసారి రంగమెక్కిన ఆ నాటకం నాటికి చదువు ఒక పెట్టుబడి అన్న లెక్క మధ్యతరగతి ఇళ్లలో కుదురుకుంది.

జాగీర్దార్ల కళాశాల

బడి ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించే కొలబద్ద వంశమే అయిన సంస్థకు హైదరాబాదులోని జాగీర్దార్స్ కాలేజీ స్పష్టమైన ఉదాహరణ. ఏడో నిజాం కాలంలో, 1923లో, బేగంపేటలో దీన్ని నవాబుల, జాగీర్దార్ల కొడుకుల కోసమే స్థాపించారు. ఇంగ్లండులోని ఈటన్ తరహా బోర్డింగు బడి దీనికి నమూనా. చేరడానికి కావలసిన అర్హత పుట్టుకే కాబట్టి పోటీ అన్న ప్రశ్నే రాలేదు. మొదట్లో చేరిన వారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

హైదరాబాదు సంస్థానాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత జాగీర్దారీ రద్దయింది. దానితో ఆ బడికి పిల్లల్ని పంపే వర్గమే లేకుండా పోయింది. 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారి అందరికీ ప్రవేశం కల్పించింది. ఇకపై చేరాలంటే ఫీజు కట్టగల స్తోమత, బడి పెట్టే పరీక్షలో నెగ్గడం కావాలి. సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా చదివింది ఈ బడిలోనే. ఇలాంటి పూర్వ విద్యార్థుల పేర్లు ఒక బడికి ఎంత గిరాకీ తెస్తాయో హైదరాబాదు తల్లిదండ్రులకు తెలియనిది కాదు. దీని వెంట మరో అలవాటు కూడా స్థిరపడింది. పాత విద్యార్థుల పిల్లలకు, ఇప్పటికే చదువుతున్న వారి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ముందు వరుసలో చోటు ఇవ్వడం చాలా పేరున్న బడుల్లో ఆనవాయితీ అయింది. పుట్టుక అన్న కొలబద్ద ఈ రూపంలో కొంత మిగిలింది.

పదేళ్ల పిల్లలకు పోటీ పరీక్ష

చిన్నపిల్లలకు ప్రవేశ పరీక్ష అన్న ఆలోచనను ఊళ్లకు చేర్చింది ప్రైవేటు బడులు కావు, ప్రభుత్వ సంస్థలే. విజయనగరం రాజులు ఇచ్చిన కోటలో 1962లో కోరుకొండ సైనిక్ స్కూలు మొదలైంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి గురుకులాలు కూడా ఆ కాలానివే. 1986 విద్యా విధానంతో జిల్లాకొకటి చొప్పున నవోదయ విద్యాలయాలు వచ్చాయి. ఆరో తరగతికి ఒక్కో విద్యాలయంలో 80 వరకు సీట్లు, వాటిలో కనీసం నాలుగింట మూడు వంతులు గ్రామీణ పిల్లలకు.

తిండి, బట్ట, చదువు ఉచితంగా దొరికే గురుకులం, నవోదయ సీటు ఒక రైతు ఇంటికి, ఒక కూలి ఇంటికి అక్షరాలా జీవితం మార్చే అవకాశం. సీట్లు వందల్లో, రాసేవారు వేలల్లో. నాలుగు, ఐదో తరగతి పిల్లలకు కోచింగు, మెంటల్ ఎబిలిటీ గైడ్లు, మోడల్ పేపర్లు, చిన్న పట్నాల్లో కోచింగు హాస్టళ్లు ఈ పరీక్షల చుట్టూనే పుట్టాయి. మంచి బడి అంటే అందరికీ దొరకనిది, పరీక్ష రాసి గెలుచుకోవలసినది అన్న నమ్మకం అలా పల్లెల్లోనూ పాతుకుంది. ఇదే నమ్మకాన్ని ఆ తర్వాత ప్రైవేటు రంగం తన పద్ధతిలో వాడుకుంది.

కాన్వెంటు, కరస్పాండెంటు, డొనేషన్

"కాన్వెంటు" అంటే సన్యాసినులు నడిపే మఠం. 1904లో మొదలైన హైదరాబాదు రోజరీ కాన్వెంటు వంటి బడుల వల్ల ఆ మాట తెలుగులోకి వచ్చింది. 1980ల నాటికి అద్దె ఇంట్లో, మూడు గదుల్లో నడిచే ఏ ఇంగ్లీషు మీడియం బడి అయినా కాన్వెంటే. నడిపే మనిషి కరస్పాండెంటు. డెల్టా జిల్లాల్లో వ్యవసాయ మిగులు, ఎంసెట్ ర్యాంకుల మోజు, విదేశాల్లో ఉద్యోగాలు, సర్కారు బడి తెలుగు మాధ్యమంలోనే ఉండడం ఇవన్నీ ఈ పెరుగుదలకు కారణాలు. నెల్లూరులో 1979లో మొదలైన నారాయణ, విజయవాడలో 1986లో మొదలైన శ్రీచైతన్య వంటి ఇంటర్, ఎంట్రన్సు శిక్షణ సంస్థలు క్రమంగా కింది తరగతులకు దిగి "టెక్నో", "ఒలింపియాడ్" పేర్లతో బడులు తెరిచాయి.

గిరాకీ పెరిగిన చోట సీటుకు ధర పలికింది. బిల్డింగు ఫండు, డెవలప్‌మెంటు ఫీజు, రసీదు లేని డొనేషన్ ఆ ధరకు మారుపేర్లు. ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 1982లోనూ, ప్రవేశాలను క్రమబద్ధం చేసి క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం 1983లోనూ వచ్చాయి. ఈ రెండో చట్టానికి ఒక చారిత్రక పాత్ర ఉంది. దానికి తర్వాత చేర్చిన 3-ఎ సెక్షను ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలకు కొన్ని సీట్లను తమ ఇష్టప్రకారం నింపుకొనే వీలు ఇచ్చింది. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరి, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసుగా 1993 ఫిబ్రవరిలో తీర్పు వెలువడింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కు అని సర్వోన్నత న్యాయస్థానం అందులో ప్రకటించింది. మెడికల్, ఇంజనీరింగ్ సీట్ల అమ్మకం మీద మొదలైన తెలుగునాటి తగాదా దేశంలోని ప్రతి బడిపిల్లకూ హక్కు తెచ్చిపెట్టింది. 2002లో రాజ్యాంగంలో చేరిన 21-ఎ అధికరణానికి పునాది ఈ తీర్పే.

తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైదరాబాదు పడమటి వైపు పెరిగింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలతో వచ్చిన కుటుంబాలు ఊరికి కొత్తవి. తాతల నాటి బడి వారికి ఇక్కడ లేదు. జీతం ఉంది, సమయం లేదు. ఆ ప్రాంతాల్లో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల పక్కన అంతర్జాతీయ సిలబస్ బడులు కూడా వెలిశాయి. ఇక్కడే ప్రవేశం ఒక సుదీర్ఘ ప్రక్రియగా రూపు దిద్దుకుంది.

జూన్‌లో మొదలయ్యే తరగతికి ముందటి ఏడాది అక్టోబరు, నవంబరులోనే హడావిడి మొదలవుతుంది. పేరున్న బడుల ముందు ఫారాల కోసం తెల్లవారకముందే తండ్రులు వరుస కట్టిన కాలం ఉంది. ఆన్‌లైన్ వచ్చాక ఆ వరుస కంప్యూటరు ముందుకు మారింది. ఫారంతో పాటు జనన ధ్రువపత్రం, చిరునామా రుజువు, టీకాల కార్డు, తల్లిదండ్రుల డిగ్రీల నకళ్లు జతచేయాలి. మూడేళ్ల బిడ్డను రంగులు, పండ్లు, శరీర భాగాల పేర్లు ఇంగ్లీషులో అడిగేవారు. తల్లీతండ్రీ విడిగా ఇంటర్వ్యూకు కూర్చునేవారు. ఏం చదువుకున్నారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే బిడ్డను ఎవరు చూస్తారు అన్నవి మామూలు ప్రశ్నలు.

ఇంగ్లీషు రాని తల్లికి ఈ గది దాటడం కష్టమయ్యేది. అందుకే ఇంటర్వ్యూకు ముందు ఇంట్లో రిహార్సల్ చేసుకోవడం, ప్లేస్కూల్లో బిడ్డకు జవాబులు నేర్పించడం మొదలయ్యాయి. ప్లేస్కూలు ఇలా పెద్ద బడికి ముందు మెట్టయింది. అన్నీ అయ్యాక కూడా సీటు రాకపోతే ఆఖరి ఆయుధం సిఫార్సు ఉత్తరం. ఎమ్మెల్యే లెటర్‌హెడ్డు మీద నుంచి మంత్రి పేషీ దాకా దాని స్థాయి మారేది.

చట్టం, చీటీ

2009లో పార్లమెంటు విద్యా హక్కు చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దాని 13వ సెక్షను క్యాపిటేషన్ ఫీజును, స్క్రీనింగును నిషేధించింది. స్క్రీనింగు అంటే ఒక బిడ్డను కాదని మరొక బిడ్డను ఎంచుకునే ఏ పద్ధతి అయినా సరే, చీటీ తీయడం లాంటి యాదృచ్ఛిక పద్ధతి తప్ప. బిడ్డను గానీ తల్లిదండ్రులను గానీ పరీక్షిస్తే మొదటిసారి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల రూపాయల వరకు జరిమానా. క్యాపిటేషన్ ఫీజు పుచ్చుకుంటే దానికి పది రెట్ల దాకా.

చట్టం అనుకున్నది స్పష్టమే. బిడ్డలో ఎంచవలసినది ఏమీ లేదు, కాబట్టి చోటు చాలకపోతే అదృష్టానికి వదలాలి. అయితే ఈ హక్కు ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా. పేరున్న బడులు పిల్లల్ని చేర్చుకునేది నర్సరీలోనో ఎల్‌కేజీలోనో. ఒకటో తరగతికి వచ్చేసరికి అక్కడ ఖాళీ ఉండదు. చట్టం కాపలా కాసే గుమ్మం ఒకటి, పిల్లలు లోపలికి వెళ్లే గుమ్మం మరొకటి. ఇంటర్వ్యూ అన్న పేరు చాలా చోట్ల పోయింది గానీ "ఇంటరాక్షన్" అన్న పేరుతో ఆ కుర్చీలు అలాగే ఉన్నాయి.

ఇదే చిక్కును ఢిల్లీ మరో దారిలో ఎదుర్కొంది. అశోక్ గంగూలీ కమిటీ సిఫార్సులతో అక్కడ నర్సరీ ప్రవేశాలకు పాయింట్ల పద్ధతి వచ్చింది. 2013 డిసెంబరులో లెఫ్టినెంట్ గవర్నరు ఉత్తర్వు ఇంటి దూరానికి 100కి 70 పాయింట్లు ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. తెలుగు రాష్ట్రాల్లో ఇంత వివరమైన పాయింట్ల పట్టిక రాలేదు. బడి తన నియమాలు తానే పెట్టుకునే పద్ధతే సాగింది.

నాలుగో వంతు సీట్లు

చట్టంలోని 12(1)(సి) సెక్షను ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. వారి ఖర్చు ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు దీన్ని సమర్థిస్తూ ప్రభుత్వ సాయం పొందని మైనారిటీ బడులను మినహాయించింది. 2014లో ప్రమతి కేసులో మైనారిటీ బడులన్నిటికీ ఆ మినహాయింపు దక్కింది. హైదరాబాదు, విశాఖ, గుంటూరుల్లోని పాత మిషనరీ బడులు చాలావరకు అలా ఈ నియమం బయటే ఉండిపోయాయి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ నాలుగో వంతు ఏళ్ల తరబడి కాగితాల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు పిలిచి, లాటరీ తీసి పిల్లల్ని చేర్పించడం చట్టం వచ్చిన దశాబ్దం తర్వాతే మొదలుపెట్టింది. తల్లి ఖాతాలో ఏటా 15 వేల రూపాయలు వేసే అమ్మ ఒడి పథకం 2020 జనవరిలో మొదలైంది. 25 శాతం కింద చేరిన పిల్లల ఫీజును తల్లిదండ్రులు ఆ డబ్బు నుంచే కట్టాలన్న ఏర్పాటూ జరిగింది. ప్రభుత్వం నిర్ణయించిన ఫీజు చాలదని యాజమాన్యాలు అభ్యంతరం చెప్పాయి. తెలంగాణలో ఈ సెక్షను అమలు కోసం కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి.

ఈ చట్టంతో సంబంధం లేకుండా ఉమ్మడి రాష్ట్రం నుంచీ వస్తున్న పథకం "బెస్ట్ అవైలబుల్ స్కూల్స్". జిల్లాలో ఎంపిక చేసిన ప్రైవేటు బడుల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో చేర్పిస్తారు. దరఖాస్తులు సీట్లకు మించితే కలెక్టరేట్‌లో తల్లిదండ్రుల ఎదుటే డ్రా తీస్తారు.

ఫీజు అన్న జల్లెడ

పరీక్ష, ఇంటర్వ్యూ నిషేధమయ్యాక మిగిలిన జల్లెడ ఫీజు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1 నాటి జీవో నంబరు 1 ఫీజు రాబడిలో యాజమాన్యానికి 5 శాతమే దక్కాలని, సగం సిబ్బంది జీతాలకు పోవాలని చెప్పింది. 2009లో జీవో 91, 2010లో జీవో 42 ఫీజులకు హద్దులు పెట్టబోయి కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకున్నాయి. తెలంగాణ 2017లో ఆచార్య తిరుపతిరావు అధ్యక్షతన కమిటీ వేసింది. ఏటా పది శాతం దాకా పెంపును అనుమతించవచ్చని ఆ కమిటీ సూచించింది. ఆంధ్రప్రదేశ్ 2019లో పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ను ఏర్పరిచి, 2021 ఆగస్టులో జీవో 53 ద్వారా ఫీజులు ఖరారు చేసింది. ప్రాథమిక తరగతులకు గ్రామ పంచాయతీలో 10 వేలు, మునిసిపాలిటీలో 11 వేలు, కార్పొరేషన్‌లో 12 వేలు. ఉన్నత పాఠశాలకు 12, 15, 18 వేలు. ఒక్కో బడి వసతులు, ఖర్చులు చూడకుండా అందరికీ ఒకే ధర కట్టడం చెల్లదంటూ హైకోర్టు ఆ డిసెంబరులోనే జీవోను రద్దు చేసింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు లాభాపేక్షను, క్యాపిటేషన్‌ను కాదంటూనే ప్రభుత్వ సాయం లేని బడులకు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ఫీజుల జీవోలు కోర్టుల్లో నిలవకపోవడానికి ప్రధాన కారణం అదే.

రెండు రకాల పోటీ

ప్రవేశాల పోటీ అంటే తల్లిదండ్రులు బడి చుట్టూ తిరగడమే అనుకుంటే సగమే నిజం. నగరాల్లో పేరున్న కొద్ది బడుల దగ్గరే ఆ దృశ్యం. మిగతా చోట్ల పిల్లల కోసం పోటీపడేది బడులే. సంక్రాంతి దాటగానే కార్పొరేట్ బడుల పీఆర్వోలు ఇళ్ల తలుపులు తడతారు. ఏప్రిల్, మే ఎండల్లో చిన్న ప్రైవేటు బడుల టీచర్లు కరపత్రాలతో వీధులు తిరుగుతారు. ఇంతమందిని చేర్పించాలని వారికి లక్ష్యం ఉంటుంది. ముందుగా కడితే ఫీజులో తగ్గింపు, అన్నదమ్ములిద్దరినీ చేరిస్తే మరికొంత తగ్గింపు. "టాలెంట్ టెస్టు" పేరుతో జరిగే పరీక్ష కూడా చాలాచోట్ల పిల్లల్ని ఏరడానికి కాదు, వారి ఇంటి ఫోను నంబర్లు సేకరించడానికి. బియ్యంలో అక్షరాలు దిద్దించడానికి పంతులు ఇంటికి వచ్చిన పాత ఆచారానికి ఇది వ్యాపార రూపం.

ఈ మధ్య కాలంలో వరుసలు సర్కారు బడి వైపు కూడా కదిలాయి. తెలంగాణ గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు లక్ష దాటిన ఏళ్లు ఉన్నాయి. సిద్దిపేట ఇందిరానగర్ జిల్లా పరిషత్ పాఠశాల, నెల్లూరులోని కేఎన్‌ఆర్ మునిసిపల్ పాఠశాల వంటి చోట్ల "అడ్మిషన్లు లేవు" అన్న బోర్డులు వేలాడాయి. వచ్చిన పిల్లలందరినీ చేర్చుకోవలసిన ప్రభుత్వ బడిలో కూడా సీటు అన్న మాట అలా చోటు చేసుకుంది.